మన పని మన ఫైల్లోనే

తెలుగులో పుస్తకాలు అచ్చువేసేవాళ్లను అడిగితే పాత ఫైళ్ల కష్టం ఎలాంటిదో చెబుతారు. పాతికేళ్ల కిందట ‘అను’ అనే ఫాంట్లలో కంపోజ్ చేసిన నవల ఇప్పటికీ హార్డ్‌డిస్కులో ఉంటుంది. తెరిస్తే మాత్రం తెలుగు కనబడదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా తెర నిండా పరుచుకుంటాయి. ఫైలు చెడిపోలేదు. ఏ అంకె వెనుక ఏ తెలుగు అక్షరం ఉందో ఆ ఫాంటుకే తెలుసు, ఆ ఫాంటు లేని కంప్యూటరుకు తెలియదు. రచయిత రాసిందీ, కంపోజిటర్ టైపు చేసిందీ వాళ్ల చేతిలోనే ఉన్నా, చదవాలంటే ఒక సాఫ్ట్‌వేర్ అనుమతి కావలసి వచ్చింది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడుకున్న రోజుల్లో, తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున పద్మ అనే ఉచిత ఉపకరణాన్ని తయారుచేసి, ఆ రకరకాల ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే దారి చూపించారు. అదీ సోర్సు అందరికీ తెరిచి ఉంచిన పనే. ఇప్పుడు సరిగ్గా అలాంటి చిక్కే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు వచ్చింది. వాళ్లు రోజూ వాడే పనిముట్లలో ఒకటి ఏపీఐ పరీక్షించే డెస్క్‌టాప్ క్లయింట్. వాళ్ల పనిని ఆ పనిముట్టు ఎక్కడ, ఏ రూపంలో దాస్తుందన్నదే ఈ వ్యాసం విషయం. అలాంటి పనిముట్టుకు సోర్సు తెరిచి ఉండటం అవసరమే కానీ చాలదని, అది రాసే ఫైలు కూడా ఎవరైనా చదవగలిగే సాదా అక్షరాల్లో, వాడేవాళ్ల సొంత డిస్కులో ఉన్నప్పుడే ఆ స్వేచ్ఛ నిజంగా చేతికి వస్తుందని నా వాదన.

ముందు ఏపీఐ అంటే ఏమిటో చూద్దాం. ఒడిశాలోని బరంపురం రైల్వే స్టేషన్లో రిజర్వేషన్ ఫారం నింపినవాళ్లకు ఇది కష్టం కాదు. రైలు నంబరు ఇక్కడ, తేదీ ఇక్కడ, పేరు, వయసు ఇక్కడ అని ఆ ఫారంలో గళ్లుంటాయి. కౌంటరు వెనుక ఏ కంప్యూటరు ఉందో, ఏ గదిలో ఏం జరుగుతుందో మనకు అక్కర్లేదు. గళ్లు సరిగా నింపితే టికెట్ వస్తుంది, తప్పుంటే ఫారం వెనక్కి వస్తుంది. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను ఏదైనా అడగాలన్నా ఇలాంటి ఒప్పందమే కావాలి. ఏ చిరునామాకు పంపాలి, ఏ గళ్లు నింపాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అన్న ఆ ఒప్పందమే ఏపీఐ. అదే ఊళ్లో హల్దియాపదర్ కూడలిలో టీ తాగి యూపీఐతో డబ్బు కట్టినా, విశాఖ బస్సుకు ఫోన్లో సీటు చూసుకున్నా, తెర వెనుక ఇలాంటి ఫారాలు అటూ ఇటూ చాలా తిరుగుతాయి. 2021లో కోవిడ్ టీకాల సమయంలో కోవిన్ తన ఏపీఐలను బయటివాళ్లకు తెరిచినప్పుడు, ఎక్కడెక్కడి కుర్రవాళ్లో ఖాళీ స్లాట్లు వెతికిపెట్టే చిన్న చిన్న ప్రోగ్రాంలు రాశారు. ఏపీఐ అనే మాట మామూలు ఇళ్లలో వినిపించింది బహుశా అప్పుడే.

ఆ కౌంటరును తయారుచేసేవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. జనం రాకముందే వాళ్లే వందల ఫారాలు నింపి చూసుకోవాలి. సరైనవే కాదు, తప్పువీ నింపాలి. వయసు గడిలో మైనస్ 5 రాస్తే ఏమవుతుంది? ఫిబ్రవరి 30కి టికెట్ అడిగితే? పేరు ఖాళీగా వదిలేస్తే? ఒకరి టికెట్ వివరాలు ఇంకొకరు అడిగితే కౌంటరు కాదంటుందా, ఇచ్చేస్తుందా? జవాబుతో పాటు మూడంకెల సంఖ్య ఒకటి వస్తుంది. 200 అంటే పని జరిగింది. 401 అంటే మీరెవరో ముందు రుజువు చూపండి. 404 అంటే మీరడిగింది ఇక్కడ లేదు. 500 అంటే తప్పు మీది కాదు, నాది. వయసు మైనస్ 5 పంపితే మర్యాదగా 400, అంటే మీరు పంపినదే తప్పు అన్న సంఖ్య, రావాలి. 500 వచ్చిందంటే లోపల ఎక్కడో ఏదో కూలింది. 200 వచ్చిందంటే అది అన్నిటికంటే ప్రమాదం, చెత్తను నిజమని నమ్మి భద్రపరిచేసిందన్నమాట. ఈ ఫారాలన్నీ నింపి, పంపి, జవాబు చూపించి, రేపు మళ్లీ పంపడానికి దాచిపెట్టే బల్లలాంటిదే ఏపీఐ క్లయింట్. దాచిన ఫారాల కట్టను ఈ రంగంలో కలెక్షన్ అంటారు. ఒక కంపెనీలో రెండు మూడేళ్లు పనిచేస్తే ఆ కట్టలో వందలాది ఫారాలు చేరతాయి. తమ సర్వీసు ఎక్కడ ఎలా ప్రవర్తిస్తుందో ఆ బృందానికి తెలిసిందంతా అందులో ఉంటుంది. చాలాచోట్ల అంతకంటే నమ్మదగిన డాక్యుమెంటేషన్ ఇంకోటి ఉండదు.

దీనికి డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఎందుకు, బ్రౌజర్లో ఒక పేజీగా పెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. బ్రౌజర్లో ఒక గోడ ఉంది. ఒక సైటు నుంచి వచ్చిన పేజీ, ఇంకో సైటు ఇచ్చే జవాబును ఆ రెండో సైటు అనుమతి లేకుండా చదవలేదు. మీ బ్యాంకు ఒక ట్యాబులో తెరిచి ఉండగా పక్క ట్యాబులోని అనామక పేజీ మీ ఖాతా వివరాలు లాగేయకుండా కాపాడేది ఆ గోడే. మంచి గోడే, కానీ ఏపీఐ పరీక్షించేవాళ్ల పనికి అడ్డం. 2019లో కేరళ యువకుడు లియాస్ థామస్ పోస్ట్‌వుమన్ పేరుతో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ క్లయింట్, మరుసటి ఏడాది హాప్‌స్కాచ్‌గా పేరు మార్చుకుంది. బ్రౌజర్లోనే నడిచే అందమైన ఉపకరణమది. అయినా ఆ గోడ దాటడానికి ఎక్స్‌టెన్షన్లూ, మధ్యవర్తి సర్వర్లూ కావలసి వచ్చాయి, చివరికి డెస్క్‌టాప్ రూపమూ తీసుకుంది. అంతకుముందు బెంగళూరులో అభినవ్ ఆస్థానా 2012లో సరదాగా మొదలుపెట్టిన పోస్ట్‌మన్ కథ కూడా అంతే. అది క్రోమ్ బ్రౌజర్లో అదనపు అనుమతులతో నడిచే చిన్న యాప్‌గా పుట్టింది. క్రోమ్ యాప్‌లను ఎత్తివేస్తామని గూగుల్ 2016లో ప్రకటించాక పూర్తిగా సొంత డెస్క్‌టాప్ ప్రోగ్రాం అయింది. తెర మీద బొమ్మలు, బటన్లు ఏవీ అక్కర్లేదనుకునేవాళ్లకు స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో విడుదల చేసిన కర్ల్ ఎలాగూ ఉంది. ఒక్క వరుస ఆదేశంతో ఎంతటి ఏపీఐనైనా పలకరించగలదు. కానీ నాలుగొందల ఫారాలను ఒక వరుసలో అమర్చుకుని, ఒకదాని జవాబును ఇంకోదానిలో వాడుకుని, కొత్తగా చేరినవాళ్లకు అప్పగించాలంటే బల్ల కావాలి.

ఆ బల్లను తయారుచేయడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఈ తరహా క్లయింట్లలో చాలా వాటికి పునాది ఎలక్ట్రాన్. గిట్‌హబ్ వాళ్లు తమ ఆటమ్ ఎడిటర్ కోసం 2013లో మొదలుపెట్టిన ఈ చట్రం, క్రోమియం బ్రౌజర్‌నూ నోడ్ జేఎస్‌నూ ఒకే పెట్టెలో కలుపుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఒకే కోడు సరిపోతుంది కానీ, ప్రతి ప్రోగ్రాంతో ఒక బ్రౌజర్ మొత్తాన్ని మోసుకు తిరగాలి. పాత ల్యాప్‌టాప్ మీద ఆ బరువు తెలుస్తుంది. టౌరీ అనే కొత్త చట్రం కంప్యూటర్లో అప్పటికే ఉన్న వెబ్ తెరనే వాడుకుంటుంది కాబట్టి ప్రోగ్రాం చిన్నదవుతుంది. దానికి బదులు మూడు వ్యవస్థల మీదా తేడాలు రాకుండా చూసుకునే శ్రమ పెరుగుతుంది. ఇక అసలు పని: వాడేవాళ్లు రాసినదాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపాలి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు చూపాలి. పది మెగాబైట్ల జవాబు వచ్చినా తెర బిగుసుకుపోకూడదు. కుకీలు, సర్టిఫికెట్లు, ప్రాక్సీలు, మధ్యలో తెగిపోయే కనెక్షన్లు అన్నీ చూసుకోవాలి. ఫారం పంపేముందు నడిచే చిన్న స్క్రిప్టులను, అవి కంప్యూటర్లోని మిగతా ఫైళ్ల జోలికి పోకుండా, కంచె వేసి నడపాలి. ఇవన్నీ కష్టమైన ఇంజనీరింగ్ ప్రశ్నలే. అయినా వీటిలో పొరపాటు జరిగితే తర్వాతి వెర్షన్లో దిద్దుకోవచ్చు. దిద్దుకోవడం కష్టమైన నిర్ణయం ఒకటుంది, అది సేవ్ బటన్ నొక్కినప్పుడు ఏం జరగాలన్నది. ఫారం ఎక్కడికి వెళుతుంది, ఏ రూపంలో వెళుతుంది అన్నది మొదటి నెలలో తీసుకునే నిర్ణయం. పదేళ్ల తర్వాత కూడా వాడేవాళ్ల మెడకు చుట్టుకునేది అదే.

ఇది ఊహ కాదని 2023లో జరిగినవి చూస్తే తెలుస్తుంది. పోస్ట్‌మన్ అప్పటికి ప్రపంచమంతా వాడే పెద్ద కంపెనీ, 2021లోనే 560 కోట్ల డాలర్ల విలువ కట్టించుకున్నది. ఖాతా లేకుండా, లాగిన్ కాకుండా సొంత కంప్యూటర్లోనే పనిచేసుకోవడానికి వీలిచ్చిన స్క్రాచ్ ప్యాడ్‌ను అది ఆ ఏడాది ఉపసంహరించుకుంది. ఖాతా తెరవనివాళ్లకు తేలికపాటి క్లయింట్ ఒకటి మిగిలింది గానీ అందులో కలెక్షన్లు లేవు. అది కంపెనీ ఉత్పత్తి, దాని విధానం దాని ఇష్టం అని సరిపెట్టుకోవచ్చు. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లోనే జరిగిన రెండో సంగతి అలా సరిపెట్టుకునేది కాదు. ఇన్‌సోమ్నియా ఓపెన్ సోర్స్ క్లయింట్. గ్రెగరీ షియర్ ఒక్కడే మొదలుపెట్టి పెంచినది, 2019లో కాంగ్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. దాని 8.0 వెర్షన్ అప్‌డేట్ అయిన మర్నాడు, ఎన్నో ఏళ్లుగా సొంత కంప్యూటర్లో దాచుకున్న ఫారాలను తెరవబోయినవాళ్లకు లాగిన్ పేజీ ఎదురైంది. నిరసన పెద్దయెత్తున వచ్చాక కొన్ని వారాల్లోనే ఖాతా లేకుండా స్థానికంగా దాచుకునే వీలును తిరిగి తెచ్చారు, దానికి ఆ కంపెనీని మెచ్చుకోవాలి. కానీ జరిగినదాంట్లోని పాఠాన్ని దాటవేయలేం. సోర్సు కోడు అప్పుడూ తెరిచే ఉంది. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. అయినా సోమవారం ఉదయం ఆఫీసులో కూర్చున్న టెస్టరుకు ఆ తెరిచిన కోడు ఆ పూటకు ఏ సాయమూ చేయలేదు. అతని ఫారాలు ప్రోగ్రాం సొంత డేటాబేసులో ఉన్నాయి, ప్రోగ్రాం తలుపు వేసుకుంది. కోడు నుంచి ఒక శాఖను విడదీసి, లాగిన్ తీసేసి, ఇన్‌సోమ్నియం అని విడుదల చేశారు కొందరు. ఓపెన్ సోర్స్ ఇచ్చిన హక్కు అక్కడ పనికొచ్చింది. కానీ ఆ శాఖను నిలబెట్టే చేతులు చాలక అది తర్వాత ఆగిపోయింది. అసలు కర్త గ్రెగరీ షియర్ కొంతకాలానికి యాక్ అనే కొత్త క్లయింట్‌ను మళ్లీ మొదటినుంచీ రాశాడు. టౌరీ మీద కట్టిన దాని సోర్సును కూడా తర్వాత తెరిచాడు.

బెంగళూరుకు చెందిన అనూప్ ఎం.డి. తయారుచేసిన బ్రూనో ఈ చర్చలో ముఖ్యం కావడానికి కారణం ఇదే. తన కుక్క పేరు పెట్టుకున్న ఈ క్లయింట్‌ను ఆయన 2023లో ఇండియా ఫాస్ అనే ఓపెన్ సోర్స్ సమావేశంలో చూపించేనాటికి పైన చెప్పిన గొడవలు తాజాగా ఉన్నాయి. బ్రూనో చేసిన పని వినడానికి చాలా చిన్నది. కలెక్షన్ అంటే మీ డిస్కులో ఒక ఫోల్డర్. ఒక్కో ఫారం ఒక్కో ఫైలు. ఆ ఫైల్లో చిరునామా ఒక వరుస, పంపే పద్ధతి ఒక వరుస, కింద గళ్లు, వాటి విలువలు, అన్నీ మామూలు అక్షరాల్లో. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవవచ్చు, అక్కడే దిద్దవచ్చు. బ్రూనో ప్రోగ్రాం రేపు మాయమైపోయినా ఫైలు చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్లౌడ్‌లోకి సమకాలీకరించే ఏర్పాటు ఎప్పటికీ పెట్టబోమని కూడా వాళ్లు ముందే ప్రకటించారు. ఫైలు సాదాగా ఉండటం వల్ల ఇంకో పెద్ద లాభం కలిసొచ్చింది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ ఇప్పుడు కోడు రాసేవాళ్లలో దాదాపు అందరి చేతిలోనూ ఉంది. ఏ వరుస ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అది చూపుతుంది, కానీ వరుసలు వరుసలుగా ఉన్న సాదా ఫైళ్ల మీదే ఆ చూపు బాగా పనిచేస్తుంది. పాత క్లయింట్ల నుంచి ఎగుమతి చేస్తే కలెక్షన్ మొత్తం ఒకే పెద్ద ఫైలుగా వస్తుంది, ఇద్దరు ఒకే రోజు మారిస్తే కలపడం గగనం. ఒక్కో ఫారం ఒక్కో ఫైలైతే, సర్వీసు కోడూ దాని పరీక్షలూ ఒకే చోట, ఒకే చరిత్రతో పెరుగుతాయి. గత ఏడాది ఈ గడికి హద్దు ఎందుకు మార్చారని ఎవరైనా అడిగితే జవాబు ఆ చరిత్రలోనే దొరుకుతుంది.

బరంపురం నుంచి చూస్తే ఈ విషయానికి మరో రెండు కోణాలు కనిపిస్తాయి. బెంగళూరులో కూర్చున్నవాళ్లకు అవి అంతగా తోచకపోవచ్చు. మొదటిది తుపాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి శ్రీకాకుళంతో పాటు గంజాం, గజపతి జిల్లాలను దెబ్బతీసింది. ప్రతిసారీ కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ రోజుల తరబడి లేవు. ఇంటర్నెట్టే లేనప్పుడు ఏపీఐ పరీక్షేమిటని అడగవచ్చు. సర్వీసు తయారీలో ఉన్నంతకాలం అది నడిచేది తయారుచేసేవాళ్ల సొంత కంప్యూటర్లోనే, లోకల్‌హోస్ట్ అనే చిరునామా మీద. ఆ ప్రశ్న, ఆ జవాబు రెండూ ఒకే యంత్రంలో తిరుగుతాయి, బయటి తీగతో పనిలేదు. ల్యాప్‌టాప్‌లో చార్జి ఉన్నంతసేపూ పని సాగాలి. లాగిన్ పేజీ రాలేదని ఆ పని ఆగిపోతే, అది ప్రకృతి చేసింది కాదు, ఎక్కడో ఎవరో ఎంచుకున్నది. తుపాను వరకూ వెళ్లనక్కర్లేదు. పాలూరు కొండల దగ్గరి ఇంజనీరింగ్ విద్యాసంస్థ నిస్ట్‌లోనో, సీతలాపల్లిలోని పర్లా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివే విద్యార్థి హాస్టల్ వైఫై నిదానంగా ఉన్న సాయంత్రం కూడా పాఠం నేర్చుకోగలగాలి. నేర్చుకున్న పాఠాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లగలగాలి.

రెండోది అక్షరాలు. బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, ఆ రోజు కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరిన ఊరు. తెలుగు, ఒడియా పేర్లు ఒకే జాబితాలో పక్కపక్కన నిలబడటం ఇక్కడ మామూలు. ఇంగ్లీషులో ఈ ఊరి పేరు తొమ్మిది అక్షరాలు, కంప్యూటర్లో తొమ్మిది బైట్లు. తెలుగులో బరంపురం చదివేవాళ్లకు నాలుగే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో సున్నాలూ కొమ్మూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ఏడు. ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 21. ఊరి పేరుకు 20 బైట్లు చాలునని ఎవరో హద్దు పెట్టి, మించినదాన్ని నిశ్శబ్దంగా కత్తిరించే సర్వీసు రాశారనుకోండి. చివరి సున్నా మధ్యలో తెగి, బరంపుర తర్వాత ఒక వింత గుర్తు మిగులుతుంది. ఒడియాకూ ఇదే లెక్క. ఇంకా సూక్ష్మమైనది రాజ్‌కుమార్ లాంటి పేరు. జ్ పొల్లు తర్వాత క కిందికి జారకుండా ఆపడానికి అక్కడ కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. ఒకరు ఆ గుర్తుతో టైపు చేస్తారు, ఇంకొకరు అది లేకుండా రాజ్కుమార్ అని చేస్తారు. మనిషి ఒకడే, కంప్యూటరుకు ఇద్దరు. పింఛను జాబితాలోనో, ఆసుపత్రి రికార్డులోనో ఈ తేడా వల్ల పేరు దొరకకపోతే నష్టపోయేది ఆ మనిషి. ఈ తప్పులను జనం మీద పడకముందే పట్టుకోవాలంటే, ఈ పేర్లన్నీ ఫారాలుగా రాసి, ప్రతి కొత్త వెర్షన్‌కూ మళ్లీ మళ్లీ పంపి చూసే కట్ట ఒకటి ఉండాలి. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో తయారైన ఆ కట్ట ఏ ఒక్క కంపెనీ ఖాతాలోనూ బందీ కాకుండా, ఎవరు అడిగితే వాళ్లకు చేరాలి. సాదా ఫైళ్ల ఫోల్డర్ అయితే చేరుతుంది. పైగా ఆ కనిపించని గుర్తు కూడా ఫైల్లో బైట్లతో సహా భద్రంగా ఉంటుంది. అంతర్జాల వేదికల్లో అతికించేటప్పుడు రాలిపోయేవి సాధారణంగా ఇలాంటి గుర్తులే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది బృందాల గురించి. ఇరవై మంది పనిచేసేచోట క్లౌడ్ ఉంటే ఒకరు మార్చినది అందరికీ వెంటనే కనిపిస్తుంది, ఫోల్డర్లూ గిట్‌లూ అంటే టెస్టింగ్ బృందంలో అందరికీ రావు కదా అంటారు. నిజమే. ఆ సౌకర్యం విలువైనది, దాన్ని కోరుకునేవాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. కానీ సౌకర్యం ఒక దారి కావడం వేరు, ఒకే ఒక్క దారి కావడం వేరు. సాదా ఫైళ్ల మీద కట్టిన క్లయింట్ వాడేవాళ్లు కావాలంటే ఆ ఫోల్డర్‌ను తమకు నచ్చిన క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు. క్లౌడ్ మీద మాత్రమే కట్టినది వాడేవాళ్లకు తిరుగుదారి అంత తేలిగ్గా దొరకదు. ఇంకో సంగతి ఉంది. ఏపీఐ ఫారాల్లో తాళంచెవులుంటాయి. టోకెన్లు, రహస్య సంకేతాలు, ఒక్కోసారి నిజమైన మనుషుల వివరాలు. 2024 డిసెంబరులో బెంగళూరుకు చెందిన క్లౌడ్‌సెక్ భద్రతా పరిశోధకులు, పోస్ట్‌మన్‌లో అందరికీ కనిపించేలా వదిలేసిన 30,000కు పైగా వర్క్‌స్పేసులను గుర్తించామని, వాటిలో ఇలాంటి తాళంచెవులు బయటపడి ఉన్నాయని వెల్లడించారు. అది ప్రధానంగా వాడేవాళ్ల అజాగ్రత్త. అదే అజాగ్రత్తతో సాదా ఫైళ్లను గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టేసినా తాళంచెవులు పోతాయి, అందులో సందేహం లేదు. అందుకే మంచి క్లయింట్ రహస్యాలను ఫారంలో కాకుండా విడిగా, గిట్ కంటపడని చోట ఉంచమంటుంది. తేడా ఎక్కడంటే, ఫైలు మీ డిస్కులో ఉన్నంతవరకూ అది బయటికి వెళ్లాలంటే ఎవరో ఒకరు పంపాలి. ఎవరూ ఏమీ చేయకపోతే అది ఇంట్లోనే ఉంటుంది. భద్రతలో ఆ మొదటి స్థితి ఏదన్నది చాలా ముఖ్యం.

ఇదంతా బాగుంది, మరి తయారుచేసేవాళ్లు ఏం తిని బతకాలి అన్నది ఇంకో ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఓపెన్ సోర్స్ అంటే ఉచితమని పొంగిపోయి, దాని వెనుక అలసిపోతున్న ఒకరిద్దరిని మరచిపోవడం మన అందరి తప్పు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. లినక్స్ కంప్యూటర్లలో ఎక్కడ చూసినా ఉండే ఓ చిన్న ఉపకరణాన్ని ఏళ్లుగా ఒకే వ్యక్తి చూసుకుంటూ వచ్చాడు. అతని అలసటను ఆసరా చేసుకుని, సాయం చేస్తానని వచ్చిన మరొకరు అందులో దొంగతలుపు పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని సమయానికి పట్టుకోగలిగాడు, అందుకు సోర్సు తెరిచి ఉండటమూ తోడ్పడింది. అయినా ఆ ఒంటరి పనికి తగిన అండ ముందే ఉండి ఉంటే తలుపు పెట్టే అవకాశమే వచ్చేది కాదేమో. బ్రూనో కూడా ముందు ఒక్కసారి డబ్బు కడితే చాలన్న గోల్డెన్ ఎడిషన్ అమ్మి, తర్వాత అదనపు హంగులకు చందా పద్ధతి తెచ్చింది. కొందరు వాడకందార్లు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో ద్రోహం కనిపించదు. బృందానికి జీతాలివ్వాలి, అసలు క్లయింట్ కోడు ఎంఐటీ లైసెన్సు కింద ఇప్పటికీ అందరిదే. రేపు వాళ్ల ధరలు పెరిగినా, కంపెనీ చేతులు మారినా, ఫోల్డర్‌లోని ఫైళ్లు ఈ రోజు ఎలా తెరుచుకుంటున్నాయో అప్పుడూ అలాగే తెరుచుకుంటాయి. వ్యాపారం మారే హక్కు వాళ్లకుంది, వెళ్లిపోయే వీలు మనకుంది. ఇన్‌సోమ్నియా వాడేవాళ్లకు ఆ సోమవారం లేనిది ఆ వీలే. అందుకే ఒక క్లయింట్ ఓపెన్ సోర్సేనా అని అడిగేముందు నేను అడిగే ప్రశ్న వేరు. ఈ ప్రోగ్రాంను తీసేస్తే నా ఫైలును నోట్‌ప్యాడ్‌లో చదవగలనా? కాదంటే, లైసెన్సు ఎంత ఉదారమైనదైనా, ఆ ప్రోగ్రాంతో పని మొదలుపెట్టేముందు రెండోసారి ఆలోచిస్తాను.

ఇలాంటి క్లయింట్‌ను మెరుగుపరచడానికి బరంపురం దూరమేమీ కాదు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచీ ఇంజనీరింగ్ విద్యార్థులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి నడిపిస్తోంది. ఒక ఊరిలో నాలుగు కాలేజీలు, ఓపికగా నేర్పేవాళ్లు కొందరు ఉంటే ఇక్కడా అది సాధ్యమే. మొదలుపెట్టడానికి పెద్ద పనులు అక్కర్లేదు. ఇలాంటి క్లయింట్లు వాడుకునే కోడు ఎడిటర్లు, అక్షరాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లా ఒకే వెడల్పని అనుకుని రాసినవి. తెలుగు వత్తుల మధ్య కర్సర్ ఒక్కోసారి తప్పుచోట నిలబడుతుంది, జవాబులోని తెలుగు ఒక్కోచోట సరైన ఫాంటు లేక చతికిలపడుతుంది. ఇంగ్లీషు, చైనీసు మాత్రమే వాడేవాళ్లకు ఈ లోపం కంటపడదు. ఇక్కడివాళ్లకు మొదటి రోజే పడుతుంది. దాన్ని వివరంగా రాసి పంపడం ఒక పని, దిద్ది పంపడం ఇంకో పని. పంపినది పరిశీలకులు చదువుతారు, ప్రశ్నలు వేస్తారు, కొన్నిసార్లు కాదంటారు, మార్చి పంపమంటారు. ఆ మాటామంతీ అంతా బహిరంగంగా, పేరుతో సహా, ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లకముందే ఆ విద్యార్థి పని అక్కడివాళ్లు చదవగలరు. హల్దియాపదర్‌లోని గదిలో కూర్చుని ఎవరైనా ఒక ఫోల్డర్ తెరిచి, మొదటి ఫైల్లో బరంపురం, రెండో దాంట్లో రాజ్‌కుమార్, మూడో దాంట్లో ఒడియాలో రాసిన ఒక పేరు పెట్టి తమ సర్వీసుకు పంపి చూడవచ్చు. 21 బైట్లు పంపితే 21 బైట్లూ తిరిగొస్తున్నాయో లేదో ఆ సాయంత్రమే తెలిసిపోతుంది.